పందొమ్మిదో వార్డు రంగు

మార్చి 3

పటాల పంతులమ్మకు,

మామయ్య రాస్తున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. మనసే బాగాలేదు, దానికి కారణం నువ్వు.

మునిసిపాలిటీ వాళ్లు ఇంటింటికీ పంచిన పటం మాకూ వచ్చింది. ఏ వార్డులో కార్లు ఏడాదికి ఎంత పొగ వదులుతున్నాయో రంగులేసి చూపించారట. కింద మూలన, తయారుచేసినవారు అని నీ పేరు. అక్క కూతురు ఇంతదైందని చూడగానే మురిసిపోయాను. తర్వాత మా కాలనీ ఎక్కడుందా అని కళ్లజోడు పెట్టుకున్నాను. అక్కర్లేకపోయింది. ముప్ఫై ఒక్క వార్డుల్లోకీ ముదురు గోధుమ రంగు మా పందొమ్మిదోదే. మాడిన పెనం అడుగులా ఉంది. మీ మూడో వార్డు మాత్రం లేత పచ్చగా, అప్పుడే ఉతికి ఆరేసినట్టుంది.

సిగ్గులేదా నీకు? ఇక్కడ ఎవరున్నారని అంత పొగ? క్వారీ మూతపడి పదకొండేళ్లయింది. దానితోపాటే బస్సూ పోయింది. మిగిలినవాళ్లు రాళ్లు మోసి మోకాళ్లు అరగదీసుకున్న ముసలాళ్లు. వాళ్ల కార్లు వాళ్లకంటే ముసలివి. వారానికోసారి ఇరవై మూడు కిలోమీటర్లు కొండ దిగి, సరుకులు తెచ్చుకుని, మళ్లీ పట్టా కప్పేసి పెడతారు. ఏడాదికోసారి వాటి బ్రేకులూ లైట్లూ చూసి ముద్ర కొట్టేది నేను. నా షెడ్డు గడప దాటని బండి ఈ కాలనీలో లేదు. అలాంటి నాకు తెలియని పొగ మీ నాలుగంతస్తుల మేడలో కూర్చున్నవాళ్లకి తెలిసిందా?

ప్రతి ఆదివారం మీ పచ్చ వార్డుల జనం ఏనుగుల్లాంటి బండ్లేసుకుని గాలి పీల్చుకోవడానికి మా కొండెక్కుతారు. పీల్చేది మా గాలి, వదిలేది వాళ్ల పొగ. అది ఎవరి నెత్తిన రుద్దావు?

ఆ పటాన్ని మీ అత్తయ్య తీసుకెళ్లి వంటింటి తలుపు వెనక అంటించింది. నన్ను ఉడికించడానికే. తప్పు సరిచేసి మళ్లీ పంచమని మీవాళ్లకి చెప్పు.

ముద్ర కొట్టే చేత్తో,
మామయ్య

మార్చి 9

కొండ మీది మామయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకి పంపావు కాబట్టి నాకంటే ముందు మా సెక్షన్‌లో ముగ్గురు చదివారు. "సిగ్గులేదా" దగ్గర బాగా నవ్వుకున్నారట. ఇక మీదట ఇంటికి రాయి.

అది పొగ కాదు మామయ్యా, కర్బన ఉద్గారాలు. కంటికి కనబడవు. కనుక నీకు కనబడలేదంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఎలా లెక్కగడతామో చెప్తాను, కాస్త ఓపిక పట్టు. తనిఖీకి వచ్చిన ప్రతి కారుకీ మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో నువ్వు ఫారంలో రాస్తావు కదా. ఈ ఏడాది అంకెలోంచి పోయినేడాది అంకె తీసేస్తే బండి ఏడాదిలో ఎంత తిరిగిందో తేలుతుంది. ఏ ఇంధనంతో నడుస్తుంది, ఎంత పాతది అన్నది చూసి ఉద్గారాలు కడతాం. బండి ఏ వార్డులో పడుకుంటే ఆ వార్డుకే ఆ లెక్క. ఆదివారం మీ కొండెక్కినవాళ్ల పాపం వాళ్ల వార్డుకే పోయింది, నువ్వేం కంగారుపడకు.

అంటే ఆ అంకెలన్నీ నీ చేత్తో రాసినవే. నేను చేసింది కూడడం, తీసెయ్యడం, రంగెయ్యడం, అంతే. మధ్యలో ఉండే వార్డుల్లో అన్నీ కాలినడకన దొరుకుతాయి కాబట్టి లేతగా ఉంటాయి, అంచుల్లో ఉండేవి ముదురుగా ఉంటాయి. అందులో మా గొప్పేమీ లేదని ఒప్పుకుంటాను. కానీ మీ కాలనీ మరీ విడ్డూరం. మీ ముసలాళ్లు వారానికోసారి కాదు, రోజూ ఎక్కడికో చెక్కేస్తున్నారు. నీకు చెప్పడం లేదు, పాపం.

నీ సంగతి మాత్రం తక్కువా? అత్తయ్యని కొట్టుకీ కార్లోనే, డాక్టరుకీ కార్లోనే, పక్క వీధికీ కార్లోనే తిప్పుతావు. ఆవిడకీ కాళ్లున్నాయి. కాస్త నడవనివ్వు.

నీ కోడలు
(పంతులమ్మను కాను, సహాయ గణాంకాధికారిని)

మార్చి 14

సహాయ గణాంకాధికారి గారి దివ్య సముఖానికి,

ఉద్యోగం వచ్చి రెండేళ్లు కాలేదు, కళ్లు నెత్తికెక్కాయి. మా ఇంటి సంగతి నీకెందుకు? మీ అత్తయ్యకి నేను నేర్పలేదనా? పెళ్లయిన కొత్తలో ఒకరోజంతా నేర్పాను. గేరు మార్చవే అంటే వైపర్లు వేసింది. అదీ ఎండలో. నేను ఏదో ఒక మాట అన్నాను. నడిరోడ్డు మీద బండాపి, తలుపు తీసుకుని దిగి, ఇంటిదాకా నడిచి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు. అది నా తప్పా? ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తున్నాను కదా. నాకు తీరిక దొరికినప్పుడు.

నా అంకెల జోలికి వచ్చావు కాబట్టి తాడో పేడో తేల్చుకుందాం. ఆరేళ్ల తనిఖీ రిజిస్టర్లు పార్సిల్ కట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పేజీ పేజీ తిరగెయ్. మీటరు ఏం చూపిస్తే అదే రాశాను. ఒక్క అంకె మింగలేదు, ఒక్క అంకె కలపలేదు. ఫారం వెనక ఏవేవో సూచనలు అచ్చేస్తారు మీవాళ్లు. పని రానివాడికి కావాలి అవి, నాకెందుకు? నా రాతలో ఒక్క తప్పు చూపించు, ముద్ర తెచ్చి నీ బల్ల మీద పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోతాను.

తప్పు మీ కూడికలో ఉంది. వెతుక్కో.

మామయ్య

మార్చి 27

అంకె మింగని మామయ్యకు,

పార్సిల్ అందింది. పదకొండు కిలోలు. మోసుకొచ్చిన ప్యూను నన్నింకా గుర్రుగా చూస్తున్నాడు. విప్పలేదు. బల్ల కింద పెట్టుకుని కాళ్లు ఆనించుకుంటున్నాను, ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఈలోగా నీకో వార్త. నా పటం మీద కమిటీ కూర్చుంది. తొమ్మిది మంది. తొమ్మిది మందీ తొమ్మిది కార్లలో వచ్చారు. వాళ్లలో ఇద్దరివి ఎదురెదురు ఇళ్లు. ఉద్గారాలు తగ్గించడమెలాగో మూడు గంటలు మాట్లాడుకున్నారు, కింద డ్రైవర్లు ఏసీ కోసం ఇంజన్లు ఆపకుండా కూర్చున్నారు. చివరికి తేల్చిందేమంటే, అన్నిటికంటే ముదురు వార్డుకి బస్సు వెయ్యాలి, జనం కార్లు మానేస్తారు. అంటే మీకే. ఏప్రిల్ పది నుంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు. జూన్ నెలాఖరులో సమీక్ష.

పదకొండేళ్లపాటు మీరు బస్సు కోసం అర్జీలు రాసి కాగితాలు తగలేశారు. ఇన్నాళ్లూ ఊరికే కార్లలో తిరుగుతూ కూర్చుంటే ఎప్పుడో వచ్చేది! ఎక్కువ పాడుచేసినవాళ్లకే బహుమతి. మా కమిటీ తెలివి అలా ఏడ్చింది.

పటం బాగుందని మా పై అధికారి నలుగురిలో మెచ్చుకున్నాడు. నీ తిట్లొక్కటే లోటు.

కోడలు

మే 6

కోడలికి,

పనిలో పడి ఆలస్యమైంది. బస్సు వచ్చింది. బస్సు మంచిదే, తోలేవాడే చవట. మూడో మలుపులో క్లచ్ మీంచి కాలు తియ్యడు. చెప్పబోతే "మీరు వెనక్కెళ్లి కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. అప్పట్నుంచి నేను ఎక్కడం మానేశాను.

ఎక్కేది మీ అత్తయ్య. మొదటి రోజు నాకు మాట మాత్రం చెప్పకుండా పొద్దుటి బస్సుకి వెళ్లిపోయింది. కాలనీ అంతా గాలించాను, క్వారీ గుంత దాకా వెళ్లి చూశాను. సాయంత్రం బస్సుకి దిగి, "ఎక్కడికెళ్లావే" అంటే "కిందికి" అంది. మర్నాడూ అంతే. మూడో రోజు చెప్పింది, ఉద్యోగం దొరికిందట! లైబ్రరీ వెనక బైండింగ్ గదిలో. పుస్తకాల వెన్ను విరిగితే కుట్టి అతికించే పని. ఈ వయసులో నీకెందుకే ఉద్యోగం అన్నాను. "ఈ వయసులోనే కదా బస్సు వచ్చింది" అంది.

వేళ్లకి జిగురుతో ఇంటికొస్తోంది. అన్నం దగ్గర కబుర్లు చెప్తోంది. ఎవరో పుస్తకంలో గుర్తుకి దువ్వెన పెట్టి మర్చిపోయారట, ఒక పెద్దమనిషి నచ్చని పేజీలు చింపేసి పుస్తకం తిరిగిచ్చాడట. ముప్ఫై మూడేళ్లలో మా ఇంట్లో ఇన్ని మాటలు నేను వినలేదు. ఆవిడకి ఇన్ని వచ్చని కూడా తెలియదు. నాకు బాగుంది. నీకు మాత్రమే చెప్తున్నాను, ఎవరితోనైనా అన్నావో చూడు.

నీ పటాన్ని ఇక తిట్టను. తప్పుడు పటమే, కానీ మంచి చేసింది. ఆ రిజిస్టర్లు వెనక్కి పంపెయ్. తొందరేం లేదు, జూన్ తనిఖీల్లోకి అందితే చాలు.

మామయ్య

మే 15

మామయ్యా,

ఇది అత్తయ్య పనికి వెళ్లినప్పుడు చదువు. ముందు కూర్చో.

వెనక్కి పంపమన్నావు కదా అని నిన్న పార్సిల్ విప్పి సర్దాను. తాడు తెగి ఒక రిజిస్టరు జారిపడి తెరుచుకుంది. ఆ పేజీలో మొదటి బండి నీదే. పోయినేడాది అంకె తీసేసి చూస్తే ఏడాదిలో నలభై ఒక్క వేల రెండు వందల కిలోమీటర్లు. నువ్వా? రోజుకి నూట పదమూడు? ఏ పని మీద తిరిగావు మామయ్యా, అత్తయ్యని పక్క వీధికి తీసుకెళ్లడానికా?

అప్పుడు నీ కారు గుర్తొచ్చింది. ఆ పాత బండ్ల మీటర్లలో ఆరు చక్రాలుంటాయి. ఐదు నల్లవి, చివరిది తెల్లది. తెల్లది కిలోమీటర్లు కాదు, కిలోమీటరులో పదో వంతు. ఫారంలో ఆరు గళ్లున్నాయి కదా అని నువ్వు ఆరూ నింపేశావు. నీ బండి తిరిగింది నాలుగు వేల నూట ఇరవై. ఫారంలో దానికి పది రెట్లు. కాలనీలో ఉన్న రెండు వందల పన్నెండు కార్లలో నూట నలభై అలాంటి పాతవే. ఆరేళ్లుగా అన్నిటికీ ఇదే రాశావు. లక్ష దాటితే మా కంప్యూటరు అనుమానపడి పక్కన పడేస్తుంది. నలభై వేలు, యాభై వేలు అంటే నోరు మూసుకుని నమ్ముతుంది. తెల్ల చక్రం వదిలెయ్యాలని ఫారం వెనక రాసుంది. నువ్వు చదవని ఫారం వెనక.

సరైన అంకెలతో లెక్క మళ్లీ కట్టాను. కార్లున్న వార్డులన్నిటిలోకీ లేత రంగు మీదే. మా మూడో వార్డుకంటే కూడా.

తనిఖీ చేసినవాడు తప్పు ఒప్పుకుని సంతకం చేసిన కాగితం లేకుండా అంకె మార్చే అధికారం నాకు లేదు. సమీక్ష జూన్ ముప్ఫైన. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏం చేయమంటావో చెప్పు.

కోడలు

మే 18

కోడలా,

చివరి చక్రం పదో వంతని నాకు తెలియదా? నువ్వు పుట్టకముందు నుంచి మీటర్లు విప్పుతున్నాను నేను. ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని. దాన్ని చదువుకోవడం మీ పని. నాలుగంతస్తుల మేడ, ఇన్ని కుర్చీలు, ఇన్ని కంప్యూటర్లు, ముసలాడి బండి రోజుకి నూట పదమూడు కిలోమీటర్లు ఎలా తిరుగుతుందని ఒక్క వెధవకీ అనుమానం రాలేదా? నీకు రాలేదా? పైగా ముసలాళ్లు చెక్కేస్తున్నారని నామీద జోకులేశావు.

మేం అందరికంటే లేతవాళ్లమా? ఎందుకో తెలుసా? వెళ్లే దారి లేక. కళ్లు ఆనక, కాళ్లు రాక, తోడెవరూ లేక ఇళ్లల్లో కూర్చున్నాం. మనిషి కదలకపోతే పొగెక్కడి నుంచి వస్తుంది? అలా కూర్చున్నన్నాళ్లూ మీ మునిసిపాలిటీ మా మొహం చూడలేదు. పాడుచేస్తున్నారని అనుకోగానే పరిగెత్తుకుంటూ బస్సు తెచ్చింది. అలాంటి లెక్కకి నేనెందుకు నిజం చెప్పాలి?

నోరు మూసుకుని ఆ పార్సిల్ మళ్లీ నీ కాళ్ల కింద పెట్టుకో. సంతకం చెయ్యను. చేస్తే బస్సు పోతుంది, మీ అత్తయ్య ఉద్యోగం మూడో రోజున ఊడుతుంది. ఆవిడకి చెప్పలేదు, చెప్పను. నువ్వూ చెప్పకు.

మామయ్య

మే 24

మామయ్యా,

నువ్వు తిట్టినదాంట్లో సగం నాకు తగిలింది. తగలాల్సిందే. పటం వేసేటప్పుడు ఆ అంకెలు చూసి కూడా నాకు అనుమానం రాలేదు. కొండ మీది వాళ్లంటే అలాగే తగలేస్తారులే అనుకున్నాను. ఆ పటానికి నన్ను మెచ్చుకుంటే ఉబ్బిపోయాను కూడా.

మిగతా సగం నీ దగ్గరే ఉంచుకో. మీకు వచ్చిన బస్సు కొత్తది కాదు. కొత్త బస్సు ఎవరూ కొనలేదు. పన్నెండో వార్డుకి తిరిగేదాన్ని పీకి మీకు వేశారు. నాకు మొన్ననే తెలిసింది. ఎందుకు పీకారో తెలుసా? అక్కడ ఎవరికీ కార్లే లేవు. కార్లు లేని వార్డు నా పటంలో తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉంది కాబట్టి వాళ్లకి బస్సుతో పనిలేదని కమిటీ అనుకుంది.

నిన్న వెళ్లి చూశాను. అక్కడి ఆడవాళ్లు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తారు. ఏప్రిల్ పది నుంచి లారీల రోడ్డు పక్కన ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్తున్నారు. ఒకావిడ నన్నడిగింది, "మేమేం తప్పు చేశామమ్మా, మా బస్సు తీసేశారు?" నేనే ఆ పటం వేశానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

దారి లేక ఇంట్లో కూర్చున్నామని నాకు పాఠం చెప్పావు. వాళ్లు కూర్చోను కూడా కూర్చోలేరు. కారణం తప్పని తేలితే బస్సు పాత దారికే తిప్పాలని తీర్మానంలోనే రాసుంది. తప్పుంటే ముద్ర తెచ్చి నా బల్ల మీద పెడతానన్నావు. ఆ డాంబికం నాకక్కర్లేదు. సంతకం పంపు. పంపకపోతే నిన్ను నేనేం చెయ్యలేను. కానీ ఇక నాకు ఉత్తరాలు రాయకు.

కోడలు

జూన్ 7

అమ్మాయీ,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్తయ్య చదివింది. సాయంత్రం బస్సు దిగి పోస్టు డబ్బా తెరిచేది ఇప్పుడు ఆవిడే. నీ రాత చూసి నీకేమైందోనని విప్పిందట. లోపలికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "దీనికి ముందుది ఎక్కడుంది?" అంది. షెడ్డులో టైర్ల వెనక పెట్టాను. తెచ్చి ఇచ్చాను. నిలబడే చదివింది.

"పది రోజులు నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పే కబుర్లు వింటూ తిన్నారు" అంది.

నీ ఉద్యోగం పోకూడదనే దాచానే అన్నాను. అది నిజం. వేరే నిజం కూడా ఉంది. ఆరేళ్లు తప్పు రాశానని ఈ కాలనీకి తెలిస్తే తల ఎలా ఎత్తుకోవాలా అని.

"నన్నడిగారా?" అంది. "ముప్ఫై మూడేళ్లు మీ కారులో, మీకు తీరిక దొరికినప్పుడు, మీరు తీసుకెళ్లిన చోటికి వెళ్లాను. బస్సెక్కినప్పుడు సొంతంగా వెళ్తున్నానని సంబరపడ్డాను. తీరా చూస్తే అందులోనూ మీరే కూర్చోబెట్టారన్నమాట. అదీ ఎవరినో దింపేసి."

 

కాగితం, కలం తెచ్చి బల్ల మీద పెట్టింది. రాశాను. ఆరేళ్లు, నూట నలభై బండ్లు, తప్పు నాదే అని. ఫారంలో గడులు మీవాళ్లవే గానీ చెయ్యి నాది అని కూడా రాశాను, ఆ ఒక్క ముక్క కొట్టెయ్యలేకపోయాను, ఏమనుకోకు. ఈ ఉత్తరంతోనే ఉంది. నీకూ అక్కడ చివాట్లు పడతాయని తెలుసు. నా వల్లే పడ్డాయని చెప్పు. కాలనీలో అందరికీ నేనే చెప్పాను, ఇంటింటికీ వెళ్లి. సగం మంది తలుపు మొహాన వేశారు. మిగతా సగం మంది నవ్వారు, అది ఇంకా కష్టంగా ఉంది.

మీ అత్తయ్య ఉద్యోగం మానలేదు. బైండింగ్ గది పైన చిన్న గది అద్దెకుందట, మాట్లాడుకుంది. రోజూ నేను దింపి తీసుకొస్తాను, తీరిక చేసుకుంటాను అన్నాను. "వద్దు" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. మొన్న పొద్దుటి బస్సుకి వెళ్లింది. పెట్టె నేనే మోశాను. బస్సు కదిలేదాకా నిలబడ్డాను. డ్రైవరుతో క్లచ్ మాట ఎత్తలేదు.

ఇల్లు నాకేం బాగాలేదు. ఒక్కడికి వండుకోవడం చేతకావడం లేదు. ఆవిడ చెప్పే కబుర్లు కావాలనిపిస్తోంది, దువ్వెన సంగతి లాంటివి.

ఆదివారం కిందికి వెళ్దామనుకుంటున్నాను. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. పోను ఇరవై మూడు, రాను ఇరవై మూడు. ఒకవేళ తలుపు తీస్తే వారంవారం వెళ్తాను, తియ్యకపోయినా వెళ్తాను. వచ్చే ఏడాది లెక్కలో మా వార్డు కాస్త ముదిరినట్టు కనిపిస్తే మళ్లీ ఎవడో తప్పు రాశాడనుకోకు. ఆ తిరిగేది నేనే.

మామయ్య